పెంటయ్య పాస్‌పోర్టు

షేక్‌పేట పెంటయ్య అంతర్జాతీయ క్రికెట్‌లో మూడు మ్యాచ్‌లు ఆడాడు. రెండు వికెట్లు తీశాడు. ఆడింది మన దేశానికి కాదు, గల్ఫ్‌లో ఒక చిన్న దేశానికి. ఆ దేశం పేరుతో మనకిక్కడ పని లేదు. మూడు మ్యాచ్‌లూ రెండు వికెట్లూ ఉన్నవాడి గురించి ఎవరూ పుస్తకం రాయరు. కానీ ఆ మూడు ముప్ఫై కాకపోవడానికి కారణం నేను, కాబట్టి రాయాల్సినవాణ్ణి నేనే. ఇంకెవరైనా రాస్తే నన్ను మంచివాడిగా రాసే ప్రమాదం ఉంది. పెంటయ్య నా గురించి ఎవరి దగ్గరా ఒక్క చెడ్డ మాట అనలేదు మరి.

నా పేరు కాశీవిశ్వనాథం. మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. మద్రాసులో పన్నెండేళ్ళు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసి, సినిమావాళ్ళంతా హైదరాబాదు దారి పడుతుంటే నేనూ మూటాముల్లె సర్దుకుని 1984లో ఫిల్మ్ నగర్ చేరాను. ప్రొడక్షన్ మేనేజర్ అంటే గొప్ప ఉద్యోగం అనుకునేరు. పొద్దున హీరోగారి ఇడ్లీ చల్లారిపోయిన దగ్గర్నించి సాయంత్రం గుర్రం రాకపోవడం దాకా అన్నిటికీ తిట్లు తినేవాడే ప్రొడక్షన్ మేనేజర్. తిన్న తిట్లు కిందివాళ్ళకి పంచిపెట్టేవాడు కూడా వాడే. మా నిర్మాత అచ్యుతరామయ్యగారు ఇల్లు కట్టుకుంటుంటే ఆ పని చూసుకునే బాధ్యత కూడా నా నెత్తినే పడింది.

అప్పటికి ఫిల్మ్ నగర్ సగం రాళ్ళు, సగం ప్లాట్ల హద్దులు. ఇల్లు కట్టాలంటే ముందు బండ పేల్చాలి. మధ్యాహ్నం ఈల ఊదేవాళ్ళు, మేమంతా కార్ల వెనక నక్కేవాళ్ళం, ధన్‌మని పేలేది, ఆ తర్వాత షేక్‌పేట నుంచి వచ్చినవాళ్ళు సమ్మెటలు పట్టుకుని పనిలోకి దిగేవాళ్ళు. అలా వచ్చినవాళ్ళలో లక్ష్మయ్య, అతని కొడుకు పెంటయ్య ఉండేవారు. పెంటయ్యకి అప్పుడు ఇరవై ఏళ్ళు. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదని, మూడోవాణ్ణి పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్ళీ తెచ్చుకుని ఆ పేరు పెట్టారు. మా యూనిట్లో వాళ్ళు ఆ పేరు విని నవ్వేవారు. నేనూ నవ్వాను, ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆదివారాలు సినిమావాళ్ళం క్రికెట్ ఆడేవాళ్ళం, ఒక కంపెనీ వాళ్ళకీ ఇంకో కంపెనీ వాళ్ళకీ. చదును చేసిన రెండు ప్లాట్లే మైదానం. ఒక ఆదివారం మాకు ఒక మనిషి తగ్గాడు. పక్కన నిలబడి చూస్తున్న పెంటయ్యని పిలిచాను.

“క్రికెట్ వచ్చా నీకు?”

“షేక్‌పేటల టెన్నిస్ బాల్ ఆడుత సార్. గిది గట్టి బాల్ గద, జర చెయ్యి అలవాటు గావాలె.”

చెయ్యి అలవాటు కావడానికి మూడు బంతులు పట్టింది. నాలుగో బంతి అవతలి జట్టు హీరోగారి మధ్య వికెట్‌ని లేపి తుమ్మ చెట్టు దాకా పంపింది. హీరోగారి మేకప్‌మ్యానే అంపైరు కనక అది నోబాల్ అయింది. ఐదో బంతికి మళ్ళీ వికెట్ పడింది. గాలికి పడిందన్నారు. ఆరో బంతి హీరోగారి పాదం మీద పడింది. దానికి మాత్రం ఎవరూ వంక పెట్టలేకపోయారు, ఎందుకంటే హీరోగారు నేల మీద కూర్చుని అమ్మా అంటున్నారు.

“ఎవడయ్యా వీణ్ణి పిలిచింది? ఎల్లుండి నుంచి ఆయన మన పాటకి గెంతాలని తెలీదూ?” అని అచ్యుతరామయ్యగారు నా మీద విరుచుకుపడ్డారు.

చెప్పులు కూడా లేకుండా ఆ రాళ్ళ నేల మీద పరిగెత్తుకొచ్చి ఆ వేగంతో బంతి వేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పదేళ్ళ నుంచి సమ్మెట ఎత్తిన భుజం అది. క్లబ్బుల్లో చేర్పిద్దామని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. తెల్ల బట్టలు, బూట్లు, తెలిసినవాళ్ళు, ఈ మూడూ లేనివాణ్ణి ఎవరు రానిస్తారు? 1988లో గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఏజెంటు ఒకడు షేక్‌పేట వచ్చినప్పుడు, పెంటయ్య నా దగ్గరికి వచ్చి దరఖాస్తు రాసిపెట్టమన్నాడు. రాళ్ళు కొట్టడాన్ని ఇంగ్లీషులో ఎంత గొప్పగా రాయవచ్చో అంత గొప్పగా రాసిచ్చాను. ఇళ్ళు కట్టే కంపెనీలో పని దొరికింది, వెళ్ళాడు. అతనికి నేను చేసిన మేలు అదొక్కటే, దాన్ని తలచుకుని చాలాకాలం మురిసిపోయాను కూడా.

ఉత్తరాలు మా ఇంటి అడ్రసుకే వచ్చేవి. షేక్‌పేట పాత ఊళ్ళో వాళ్ళ ఇంటికి నంబరు లేదు, పోస్టుమాన్‌కి ఆ సందులు అంతుపట్టవు. కబురు పెడితే పెంటయ్య తల్లి బుచ్చమ్మ నడిచి వచ్చేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. వరండాలో కింద కూర్చుని, చెంగు సర్దుకుని, “ఇగ సదువుండ్రి సారూ” అనేది. మా ఆవిడ శ్యామలాదేవి టీ తెచ్చిచ్చేది. నేను చదివేవాణ్ణి.

అక్కడ శుక్రవారాలు సెలవు. ఇసుక నేల మీద గట్టి చాప పరిచి కంపెనీల జట్లు ఆడుకుంటాయట. పాకిస్తాన్ వాళ్ళు, సింహళం వాళ్ళు, కేరళ వాళ్ళు, అందరూ పొట్టకూటికి వచ్చినవాళ్ళే. పెంటయ్య మొదటి ఏడాదిలోనే కంపెనీ జట్టులో చేరాడు. రెండో ఏడాది ఆ దేశపు క్రికెట్ బోర్డువాళ్ళు పిలిచారు. కోచ్ ఒక తెల్లాయన. “నీ భుజం ఎక్కడ తయారైందని అడిగిండు అవ్వా, రాళ్ళల్ల అని చెప్పిన” అని రాశాడు. ఆ ముక్క చదివినప్పుడు బుచ్చమ్మ ఎంత నవ్విందో!

వలస వచ్చినవాళ్ళని జట్టులోకి తీసుకోవడానికి వాళ్ళకొక నియమం ఉండేది. 1990 జనవరిలో అతని పేరు నమోదు చేసుకున్నారు. అక్కణ్ణించి నాలుగేళ్ళు వరసగా ఆ దేశంలో ఉండాలి. ఏ ఏడాదిలోనూ అరవై రోజులు మించి బయట ఉండకూడదు. ఒక్క రోజు మించినా మళ్ళీ మొదటికే. నాలుగేళ్ళూ నిండాక, 1994 ఫిబ్రవరిలో చిన్న దేశాలన్నీ కలిసి ఆడే పెద్ద పోటీకి అతన్ని తీసుకెళతామన్నారు. అందులో నెగ్గితే ప్రపంచ కప్పు. ఈ లోపల స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడించారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక జట్టు మీద ఐదు వికెట్లు తీస్తే అక్కడి పేపర్లో ఫోటో వేశారు. ఆ కాగితం ముక్క బుచ్చమ్మ దేవుడి పటం వెనక దాచుకుంది.

1993 ఆగస్టులో లక్ష్మయ్యకి జబ్బు ముదిరింది. నలభై ఏళ్ళు మింగిన రాతిపొడి ఊరికే పోతుందా? ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రిలో చేర్పించారు. పెంటయ్య ఇరవయ్యో తారీకున దిగాడు. నెలరోజులు తండ్రి మంచం పక్కనే ఉన్నాడు. లక్ష్మయ్య తేరుకుని ఇంటికి వచ్చాడు. మందులు వాడుతూ ఉంటే కొన్నాళ్ళు ఫరవాలేదన్నారు డాక్టర్లు.

మేం అప్పుడు తీస్తున్న సినిమాకి క్లైమాక్స్ క్రికెట్ మ్యాచ్. విదేశీ జట్టు ఫాస్ట్ బౌలర్ వేసిన ఆఖరి బంతిని హీరోగారు సిక్సర్ కొట్టి ఊరి భూములు విడిపిస్తారు. క్రికెట్‌కీ ఊరి భూములకీ సంబంధమేమిటని నన్నడక్కండి, కథ నాది కాదు. బొంబాయి నుంచి రావలసిన బౌలర్ చెయ్యిచ్చాడు. అచ్యుతరామయ్యగారు నా వైపు చూశారు. నాకు పెంటయ్య గుర్తొచ్చాడు.

“అక్టోబర్ పద్దెనిమిది లోపట నేను గాడ దిగాలె సార్. అరవై దినాలు దాటితే నాలుగేండ్ల కష్టం మట్టిల కలుస్తది,” అన్నాడు పెంటయ్య.

“ఆరు రోజుల పనయ్యా. సెప్టెంబర్ ఆఖరుకి అయిపోతుంది. అయిదో తారీకుకి నీ తిరుగు టికెట్ నేనే కన్ఫర్మ్ చేయిస్తాను. పాస్‌పోర్టూ టికెట్టూ నాకియ్యి.”

నా మాట కాదనలేక ఒప్పుకున్నాడు. దరఖాస్తు రాసిచ్చినవాణ్ణి, తల్లికి ఉత్తరాలు చదివేవాణ్ణి. నీలం అట్ట పాస్‌పోర్టు రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక పాడు అలవాటు చెప్పాలి. షూటింగ్ అయిపోయాక కూడా అక్కడక్కడా ఒకటీ అరా షాట్లు మిగిలిపోతాయి, వాటిని ప్యాచ్ వర్క్ అంటాం. అది పూర్తయ్యేదాకా మనిషి ఊరు దాటకూడదంటే అతని వస్తువు ఒకటి మన దగ్గర ఉండాలి. డోలు వాయించేవాడి డోలు, గుర్రంవాడి జీను, డూపు వేసేవాడి బూట్లు, ఏదో ఒకటి మా ఆఫీసు గదిలో పడి ఉండేది. అడిగితే “కనపడటంలేదు, వెతికిస్తున్నాం” అనేవాళ్ళం. గుమ్మడికాయ కొట్టి షూటింగ్ ముగించిన మర్నాడు అది ఎలాగో కనపడేది. మద్రాసులో నా గురువు నేర్పిన విద్య ఇది. దీన్ని దొంగతనం అని మేమెప్పుడూ అనుకోలేదు.

ఆరు రోజుల్లో ఐదు రోజులు పని బాగానే జరిగింది. పెంటయ్య నుదుటికి ఎర్ర గుడ్డ కట్టి, గడ్డం పెంచి ఉగ్రంగా పరిగెత్తుకొస్తుంటే కెమెరామ్యాన్ మురిసిపోయాడు. ఆరో రోజు హీరోగారు రాలేదు. వేరే సినిమా పాటకి ఊటీ వెళ్ళారు, పదో తారీకుకి వస్తారన్నారు. మిగిలింది ఒక్క షాటు. బంతి పెంటయ్య చేతిలోంచి వెళ్ళి హీరోగారి బ్యాటుకి తగలడం, ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండాలి.

“ఆ మనిషి వెళ్ళిపోతే ఐదు రోజుల ఫిల్మూ బుట్టదాఖలే. విశ్వనాథం, నువ్వేం చేస్తావో నాకు తెలీదు. వాడు కదలకూడదు. కదిలాడా, నువ్వూ బయల్దేరు,” అన్నారు అచ్యుతరామయ్యగారు.

అక్టోబర్ ఐదున పెంటయ్య సంచీ సర్దుకుని ఆఫీసుకి వచ్చాడు. పాస్‌పోర్టు నా బల్ల కుడిచేతి డ్రాయర్లో, కాల్‌షీట్ల కింద ఉంది. నేను తలెత్తకుండా, “ట్రావెల్స్ వాళ్ళు ఎక్కడో పెట్టి మర్చిపోయారట పెంటయ్యా. వెతుకుతున్నారు. రెండు రోజుల్లో దొరుకుతుంది,” అన్నాను.

ఎంత నున్నగా వచ్చిందో ఆ అబద్ధం! ముప్ఫై సార్లు చెప్పిన అబద్ధం కదా, అరిగి నున్నబడింది.

ఆ మర్నాటి నుంచి రోజూ వచ్చేవాడు. షేక్‌పేట నుంచి పొద్దున్నే నడిచి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి నిలబడేవాడు. “దొరికిందా సార్?” అని ఒకే ఒక్క మాట. లేదంటే కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. పదో తారీకు వచ్చింది, హీరోగారు రాలేదు. పదిహేనుకి వస్తారన్నారు. నేను లెక్క వేసుకున్నాను. పదిహేనుకి షాటు అయితే పదహారున పంపించెయ్యవచ్చు, అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ లెక్క చూసుకునే రాత్రిళ్ళు నిద్రపోయాను.

పద్నాలుగున పెంటయ్య వెళ్ళిపోకుండా నా ఎదురుగా నిలబడ్డాడు.

“ఇగ నాలుగు దినాలే ఉన్నయ్ సార్. ఒక్కపారి మీ డ్రాయర్ల గిట్ల సూడుండ్రి. కాగితాలల్ల కలిసిపోయిందేమో.”

నేను డ్రాయర్ తెరిచాను. జానెడు మాత్రం తెరిచాను. చెయ్యి పెట్టి కాగితాలు గలగలలాడించాను. నా వేళ్ళకి ఆ అట్ట తగిలింది. “లేదయ్యా,” అని మూసేశాను. ఆ క్షణంలో ఇచ్చేసి ఉండవచ్చు. అరె, ఇక్కడే ఉందే అని నవ్వేసి ఉండవచ్చు, నా పరువు కూడా దక్కేది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నిజం చెప్పాలంటే ఆ భయం కూడా పెద్దది కాదు. నలభై ఏడేళ్ళవాణ్ణి, పాతికమందికి తెలిసినవాణ్ణి, ఇంకో కంపెనీ దొరికేది. చిన్న భయానికే లొంగిపోయాను.

ఆ సాయంత్రం శ్యామలకి చెప్పాను. ఆవిడ కూర తరుగుతున్నదల్లా కత్తిపీట మీంచి లేచింది. “రేపు పొద్దున్నే ఇచ్చెయ్యండి. లేకపోతే ఆ బుచ్చమ్మ మొహం నేనెలా చూడను?” అంది.

“పద్దెనిమిది దాటితే మాత్రం ఏమవుతుందే? రెండు మూడు రోజులు ఎవడు లెక్కపెడతాడు?” అన్నాను.

నమ్మే అన్నాను ఆ మాట. మా లోకంలో తారీకులంటే అటూ ఇటూ జరిగేవే. పదిహేనన్న హీరో పాతికకి వస్తాడు, దసరా అన్న సినిమా ఉగాదికి వస్తుంది, ఎవరూ ఎవర్నీ ఉరి తియ్యరు. లోకమంతా అలాగే సర్దుకుంటుందని నేను నిజంగానే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు సినిమాల్లో ఉన్నవాడు మాత్రమే చెయ్యగలిగే తప్పు ఇది.

పద్దెనిమిది వచ్చింది, పోయింది. ఆ రోజు కూడా పెంటయ్య వచ్చాడు. మామూలుగానే అడిగాడు, మామూలుగానే లేదన్నాను. హీరోగారు ఇరవై ఐదున దిగారు. ఇరవై ఆరున షాటు తీశాం. పెంటయ్య పరిగెత్తుకొచ్చి బంతి వేశాడు. ఒక్క టేకులో ఓకే అయింది. గుమ్మడికాయ కొట్టారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై ఏడు పొద్దున నేను పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, “ట్రావెల్స్ వాళ్ళ బీరువా వెనక పడిపోయిందట,” అన్నాను. పెంటయ్య దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు. “దొరికింది గద సార్, గదే చాలు,” అన్నాడు. ఇరవై ఎనిమిదిన వెళ్ళిపోయాడు.

డిసెంబర్లో ఉత్తరం వచ్చింది. బుచ్చమ్మ వచ్చి కింద కూర్చుంది. నేను విప్పాను. ముందే చదువుకుని ఉండాల్సింది, ధైర్యం చాలక అలాగే ఉంచాను. పెంటయ్య ఇలా రాశాడు: “అవ్వా, నన్ను పెద్ద ఆటకు తీస్కపోతలేరు. పాస్‌పోర్టు మీది ముద్రలు సూసి లెక్కబెట్టిండ్రు. డెబ్బయి దినాలు బయట ఉన్ననట. పది దినాలు ఎక్కువ. తెల్లసారు నా కోసం మస్తు కొట్లాడిండు గని కాలే. మళ్ళ మొదటి నుంచి నాలుగేండ్లు ఉండాలె. ఎవరి తప్పు గాదు. విశ్వనాథం సార్ నా కోసం మస్తు తిరిగిండు. సార్‌కు నా దండాలు చెప్పు.”

ఆ చివరి రెండు వాక్యాలూ వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే అది ఇంకో దొంగతనం అవుతుందనిపించి చదివేశాను. బుచ్చమ్మ లేచి నిలబడి, కొడుకు చెప్పమన్నాడు కనక రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది. నేను కాగితంలోకి తల దూర్చుకుని కూర్చున్నాను. శ్యామల టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సినిమా సంక్రాంతి దాటాక విడుదలైంది, రెండు వారాలు ఆడింది. మొదటి ఆటకి వెళ్ళి కూర్చున్నాను. క్లైమాక్స్ వచ్చింది. పెంటయ్య పరిగెత్తుకొస్తున్నాడు, హీరోగారు బ్యాటు ఊపుతున్నారు, జనం లేస్తున్నారు. ఇద్దరూ ఒక ఫ్రేములో ఉన్న షాటు లేదు. మర్నాడు స్టూడియోకి వెళ్ళి ఎడిటర్ని అడిగాను. “అదా? నిడివి ఎక్కువైందని లేపేశాం సార్. అది లేకపోయినా అతుక్కుంది,” అన్నాడు. నేను బయటికి వచ్చి స్టూడియో మెట్ల మీద కూర్చున్నాను. నన్ను నేను తిట్టుకోవడానికి నాకున్న తిట్లన్నీ చాల్లేదు.

1995 వేసవిలో లక్ష్మయ్య పోయాడు. గల్ఫ్‌కి ఫోన్ చేసి చెప్పినవాణ్ణి నేనే.

“రా పెంటయ్యా. ఏడాదికి అరవై రోజులుంటాయి కదా. నాలుగు రోజుల్లో వెళ్ళిపోవచ్చు.”

“లేదు సార్. వస్తే మళ్ళ ఏదన్న పోతే ఎట్ల? నేను రాను,” అన్నాడు.

రాలేదు. ఆ నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా రాలేదు. తండ్రి మీద మన్ను పెంటయ్య చెల్లెలి మొగుడు పోశాడు. నేను వెళ్ళి నిలబడ్డాను. బుచ్చమ్మ నా చెయ్యి పట్టుకుని, “నాలుగు దినాలు రానియ్యరా సారూ? అంత రాతిగుండె కంపెనా?” అని ఏడ్చింది. కంపెనీని ఎందుకంటావమ్మా, నన్నను, అని చెప్పడానికి నోరు తెరిచి, “ఊరుకోమ్మా,” అన్నాను.

నాలుగేళ్ళూ నిండాయి. 1998లో ఒక పెద్ద దేశపు జట్టు వాళ్ళ దగ్గరికి వచ్చి మూడు మ్యాచ్‌లు ఆడింది. పెంటయ్యని తీసుకున్నారు. అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు. ఒక మ్యాచ్ మా ఇంట్లో కేబుల్ టీవీలో చూశాం. ముందుగదిలో బుచ్చమ్మ ఎప్పట్లాగే కింద కూర్చుంది. పెంటయ్య జుట్టు పలచబడింది. పరుగు అదే, కానీ చెయ్యి పైకి లేచేచోట ఏదో పట్టేసినట్టు ఆగుతోంది. మొదటి ఓవర్లో మూడు ఫోర్లు పోయాయి, రెండో ఓవర్లో ఒక సిక్సర్. ఆట తెలియని బుచ్చమ్మ, “మావోడు ఎంత మంచిగ ఉరుకుతుండు సూడుండ్రి!” అని చప్పట్లు కొట్టింది. నేను నీళ్ళు తాగాలని లేచి వంటింట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. 1993 సెప్టెంబర్లో మా కెమెరా ముందు ఆ చెయ్యి ఎలా లేచిందో నేను చూశాను. టీవీలో కనపడుతున్నది దాని మిగులు.

మూడో మ్యాచ్ తర్వాత భుజం పూర్తిగా పోయింది. కొన్నాళ్ళకి ఉద్యోగం వదిలి తిరిగొచ్చేశాడు. 1999లో ఒక నీళ్ళ ట్యాంకర్ కొనుక్కున్నాడు. జూబ్లీ హిల్స్ అంతా బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతుకుతున్న రోజులు. మా ఇంటికి రోజు విడిచి రోజు అతనే నీళ్ళు పోసేవాడు. లావుపాటి గొట్టాన్ని ఎడమచేత్తో లాక్కొచ్చి సంపులో వేసేవాడు, కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి లేచేది కాదు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. అతను నిండాక పిలిస్తే గాని బయటికి వచ్చేవాణ్ణి కాదు.

ఒక పొద్దున ఇక నావల్ల కాలేదు. బయటికి వెళ్ళి సంపు పక్కన నిలబడ్డాను. నీళ్ళు పడుతున్నాయి.

“పెంటయ్యా, నీకొకటి చెప్పాలి. ఆ పాస్‌పోర్టు ట్రావెల్స్ వాళ్ళ దగ్గర లేదు. నా డ్రాయర్లోనే ఉంది. నేనే దాచాను.”

అతను గొట్టం సరిచేసి నా వైపు చూశాడు.

“నాకెర్కనే సార్.”

“ఎప్పుడు తెలిసింది?”

“రెండో దినమే. మీరు చాయ్ జెప్పొస్తనని బయటికి పోయిండ్రు. డ్రాయర్ జర తెరిసి ఉండె. కాగితాల కింద నీలం అట్ట కనవడ్డది.”

సంపు గట్టు మీద కూర్చున్నాను. “మరి తీసుకోలేదేం? నీదే కదయ్యా!”

“నాదే సార్. గని మా అసొంటోడు మీ ఆఫీసుల డ్రాయర్ల చెయ్యి పెడితే ఏమంటరు? అండ్ల పైసలుంటయ్, కాగితాలుంటయ్. రాళ్ళు కొట్టెటోడు దొంగతనం జేసిండంటరు. పోలీసోళ్ళు వస్తరు. అప్పుడు పాస్‌పోర్టు గూడ వాళ్ళే తీస్కపోతరు.”

“మరి ఎవరికీ చెప్పలేదేం? మీ అమ్మకన్నా?”

“అవ్వకు ఉత్తరాలు సదివేటోళ్ళు మీరొక్కరే గద సార్. మీతోని లడాయి పెట్టుకుంటే నా మాట అవ్వకు ఎట్ల చేరుతది?”

కోపంగా అనలేదు. నీళ్ళ చప్పుడుకి వినపడదేమోనని కాస్త గట్టిగా అన్నాడు, అంతే. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా నా బుద్ధి నాకు దారి వెతుకుతూనే ఉంది. “ఒక్కసారి గట్టిగా అడిగుంటే ఇచ్చేసేవాణ్ణి పెంటయ్యా. ఒట్టు. ఒక్కసారి అడిగుంటే,” అన్నాను.

పెంటయ్య ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

“దినాం అడిగిన గద సార్,” అన్నాడు.

సంపు నిండింది. అతను వెళ్ళి ట్యాంకర్ మర కట్టేసి, గొట్టం ఎడమచేత్తో చుట్టి బండి మీద పెట్టుకున్నాడు. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట అడిగితే అదీ అతనే ఇవ్వాలి కదా అనిపించి ఆగిపోయాను. అతను తలుపు తెరిచి బండి ఎక్కి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“ఎల్లుండి గూడ ట్యాంకర్ గావాల్నా సార్?”

కావాలన్నాను.